అత్తగారు కూర్చుంటేనే ఆగే కారు

ఆ వీధిలో కార్లకు కరెంటు పని చేసే మనిషిని అందరూ మీటరాయన అనేవారు. మామూలు వాళ్లకు చొక్కా జేబులో పెన్ను ఉన్నట్టు ఆయన జేబులో మీటరు ఉండేది. దాని ఎర్ర తీగ, నల్ల తీగ బయటికి వేలాడుతూ ఉండేవి. భోజనానికి ఇంటికి వెళ్లినా తీసి పక్కన పెట్టేవాడు కాడు. ఒకసారి ఇస్త్రీ పెట్టె పని చేయడం లేదని భార్య అంటే, అన్నం ముందు నుంచి లేచి వెళ్లి తీగలు ఆనించి చూసి, పెట్టె బాగానే ఉంది, నువ్వు స్విచ్చి వేయలేదు అని చెప్పాడట. ఆ రోజంతా ఆవిడ తనతో మాట్లాడలేదని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు.

ఆయన షెడ్డులో రెండు కార్లు పడతాయి. మూడోది వస్తే దాని వెనక భాగం వీధిలో ఉండిపోతుంది. గోడ నిండా మేకులకు వైరు చుట్టలు, ఒక మూల ఒక కాలు పొట్టిదైన బల్ల, ఆ కాలి కింద పాత బ్యాటరీ. వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఎవరి కారులోంచో తీసిన వెనక సీటు ఒకటి గోడకు ఆనించి ఉంటుంది. దాని మీద కూర్చున్నవాళ్లు లేవాలంటే ఎవరైనా చెయ్యి అందించాలి.

మీటరాయనకు ఒక విషయంలో మాత్రం గర్వం ఉండేది. ఇంజను నడిపే కంప్యూటరు అంటే చాలామంది మెకానిక్కులకు భయం. రోగం అంతుపట్టకపోతే చాలు, కంప్యూటరు పోయింది, కొత్తది వేయాలి అనేస్తారు. ఇరవై ఏళ్లలో మీటరాయన తన నోటితో పోయిందని చెప్పిన కంప్యూటర్లు మూడే. అందులో ఒకటి వరద నీళ్లలో రెండు రోజులు మునిగి ఉన్నది, ఇంకొకటి ఎలుకలు పిల్లల్ని పెట్టినది.

ఒక సోమవారం ఉదయం లెక్కల మాస్టారు తన కారు తెచ్చి షెడ్డులో పెట్టాడు. దగ్గరలోని హైస్కూల్లో పని చేస్తాడు. నలభై ఏళ్లుంటాయి. ఏ మాటైనా ముందు మనసులో ఒకసారి కూడి తీసివేసి చూసుకున్నట్టు కాస్త ఆగి చెబుతాడు. కారు నడుస్తూ నడుస్తూ ఉండగా ఇంజను టక్కున ఆగిపోతోందని, పక్కకు తీసి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతోందని చెప్పాడు. మొదట చూపించిన చోట పెట్రోలు పంపు మార్చారట. రెండోచోట తలలు ఊపి, కంప్యూటరు పోయిందన్నారట.

ఆ మాట వినగానే మీటరాయన కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. స్టీరింగు కింద ఉన్న సాకెట్టుకు స్కానరు తగిలించాడు. ఆ చిన్న తెర మీద తప్పుల జాబితా బారుగా దిగింది. గాలి కొలిచేది పని చేయలేదు, వేడి కొలిచేది పని చేయలేదు, పెడలు ఎంత నొక్కారో చెప్పేది పని చేయలేదు, ఇంకా తొమ్మిది రకాలు. మాస్టారు మెడ చాచి చూసి, ఇన్ని పోయాయా అని నీరసపడ్డాడు.

"మాస్టారూ, క్లాసులో పిల్లలందరికీ ఒకే రోజు సున్నా వచ్చిందనుకోండి. తప్పు పిల్లలదంటారా?" అని అడిగాడు మీటరాయన.

మాస్టారు కొంచెంసేపు ఆలోచించాడు. "దిద్దినవాడిది అయి ఉండాలి."

అదే సంగతి అన్నాడు మీటరాయన. ఇన్ని సెన్సర్లు ఒకే క్షణంలో చెడిపోవు. కంప్యూటరుకే ఆ క్షణంలో కరెంటు అందలేదు. దానికి కరెంటు వచ్చే దారి ఒకటి, తిరిగి బండి ఒంట్లోకి వెళ్లే ఎర్తు దారి ఒకటి. ఈ రెండింట్లో ఏది తెగినా కంప్యూటరుకు స్పృహ తప్పుతుంది, దానితో పాటు ఇంజనుకూ తప్పుతుంది. తెగిన చోటు పట్టుకుంటే కంప్యూటరు జోలికి పోనక్కర లేదు. రెండు రోజులు బండి వదిలి వెళ్లమన్నాడు.

ఆ రెండు రోజులూ ఆయన తిండి సరిగా తినలేదు. బ్యాటరీ మొనలు విప్పి శుభ్రం చేసి బిగించాడు. రిలేలు ఒక్కొక్కటే తీసి చూశాడు. బానెట్టు కింద, కంప్యూటరుకు వెళ్లే వైర్ల కట్టను పట్టుకుని, ఇంజను నడుస్తుండగా అటూ ఇటూ ఊపాడు, వంచాడు, తట్టాడు. ఎర్తు దారిలో ఎంత ఓల్టేజీ పోతోందో కొలిచాడు. వంక పెట్టడానికి లేదు. వేడికి ఆగుతోందేమోనని భార్య జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెచ్చి రిలేల పెట్టె మీద పావుగంట వేడి గాలి కొట్టాడు. తలంటుకుని యంత్రం కోసం వెతుకుతున్న భార్య తడి జుట్టుతో షెడ్డుకు వచ్చి, ఆ పావుగంటలో చివరి రెండు నిమిషాలు నిలబడి చూసి, యంత్రం లాక్కుని వెళ్లిపోయింది. ఇంజను మాత్రం నడుస్తూనే ఉంది. తర్వాత ఆయనే ఆ కారు ఎక్కి ఊళ్లో ఉన్న గుంతలన్నింటిలోనూ వరసగా దింపాడు. స్పీడు బ్రేకర్ల మీద ఎగిరించాడు. కారు ఆగలేదు సరికదా, కొత్తదానిలా పరుగెత్తింది.

బుధవారం సాయంత్రం మాస్టారు వస్తే, నాకు దొరకలేదు అని ఉన్నమాట చెప్పేశాడు. మళ్లీ ఆగితే ఎప్పుడు, ఎక్కడ, ఎలా ఆగిందో గుర్తు పెట్టుకుని రమ్మన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం స్కూల్లో భోజనం గంట కొట్టగానే మాస్టారు నడుచుకుంటూ వచ్చాడు. ఆ ఉదయమే కారు మళ్లీ ఆగిందట. చంకలో ఒక నోటుబుక్కు ఉంది. వీధి రెండు వైపులా చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకుని, షెడ్డు లోపలి మూలకు వెళ్లి తెరిచాడు. స్కేలుతో గీసిన గడులు. తేదీ, సమయం, వేగం, రోడ్డు ఎత్తా పల్లమా, ఎండా వానా, ట్యాంకులో పెట్రోలు ఎంత. మొత్తం పదకొండు వరుసలు, అంటే పదకొండు సార్లు ఆగింది. మీటరాయనకు ముచ్చటేసింది. ఇరవై ఏళ్లలో ఇలాంటి గిరాకీ రాలేదు. ఒక్కొక్క గడీ వేలితో చదువుకుంటూ పోయాడు. ఏ రెండు వరుసలకూ పొంతన లేదు. ఎండలో ఆగింది, వానలో ఆగింది, ఎత్తులో ఆగింది, పల్లంలో ఆగింది. చివరి గడి మీద మాత్రం మాస్టారు అరచెయ్యి ఉంది.

చెయ్యి తీయమన్నాడు మీటరాయన. మాస్టారు తీయలేదు. ఇది శాస్త్రానికి నిలిచేది కాదని, యాదృచ్ఛికం కావచ్చని, పదకొండు అనేది ఒక నిర్ణయానికి రావడానికి చాలని సంఖ్య అని ఏదేదో చెప్పాడు. చివరికి తీశాడు. ఆ గడికి పైన 'పక్క సీటు' అని ఉంది. కింద పదకొండు వరుసల్లోనూ ఒకటే మాట. అత్తయ్య. అత్తయ్య. అత్తయ్య.

"ఆవిడ లేనప్పుడు?"

"ఒక్కసారి కూడా ఆగలేదు. నేనొక్కణ్ణే తిరిగాను, మా ఆవిడతో తిరిగాను, పక్కింటివాళ్లని ఎక్కించుకున్నాను." మాస్టారు గొంతు తగ్గించాడు. "ఈ పుస్తకం సంగతి మా ఇంట్లో తెలియదు. తెలిస్తే నేను మీ షెడ్డులోనే ఉండాల్సి వస్తుంది."

అత్తగారు పెద్దాసుపత్రిలో ముప్ఫై నాలుగేళ్లు పని చేసి హెడ్ నర్సుగా రిటైరైన మనిషి అని, ఈ మధ్యే కూతురి దగ్గరికి వచ్చి ఉంటోందని, కంటి డాక్టరు దగ్గరికీ లైబ్రరీకీ తనే కారులో దింపుతున్నానని చెప్పాడు. మీటరాయన నవ్వలేదు. కారు ఎక్కిన మనిషి బరువు వల్లో, సీటు కింద వైరు నలిగో ఆగవచ్చు, ఏదో ఒకటి ఉంటుంది, ఆవిడ కూర్చున్నప్పుడే మీటరు పెట్టి చూడాలి అన్నాడు. ఏదో ఒక సాకు చెప్పి ఆవిడను ఒకసారి ఎక్కించుకు రమ్మన్నాడు. సాకు ఆలోచించడానికి తనకు కనీసం వారం కావాలన్నాడు మాస్టారు.

మీటరాయనకు వారం ఆగే ఓపిక ఎక్కడిది? రాత్రి కలలో కూడా ఎర్తు వైరే కనబడింది. శుక్రవారం పొద్దున్నే షెడ్డు తెరవగానే పని చీటీ మీద ఉన్న నంబరుకు ఫోను చేశాడు. అది మాస్టారి జేబులో ఉండే ఫోను కాదని, ఇంట్లో హాల్లో ఉండేదని ఆయనకు తెలియదు. అవతల ఎవరో ఆడమనిషి ఎత్తింది. మాస్టారి భార్యే అయి ఉంటుందనుకుని, కారు ఎలక్ట్రీషియన్ని అమ్మా అని చెప్పుకుని, అసలు విషయానికి వచ్చేశాడు. మాస్టారికి సాకుల కోసం వెతుక్కోవద్దని చెప్పండి, రేపు సెలవే కదా, ఆ అత్తగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకొచ్చేయమనండి, ఆవిడ కూర్చుంటేనే ఆగుతోందట, పదకొండు సార్లూ ఆవిడే ఉందట, పుస్తకంలో రాసి ఉంది అన్నాడు.

అవతల పెన్ను మూత తీసిన చప్పుడయింది.

"ఆ అత్తగారినే మాట్లాడుతున్నాను," అంది గొంతు. "ఎన్ని గంటలకు రమ్మంటారు?"

మీటరాయన పది గంటలకు అని ఎలా చెప్పగలిగాడో ఆయనకే తెలియదు. ఫోను పెట్టేశాక వెనక సీటు మీద కూలబడ్డాడు. లేపడానికి ఎవరూ లేక అక్కడే చాలాసేపు ఉండిపోయాడు.

ఆ రోజు మాస్టారి ఇంట్లో ఏం జరిగిందో మీటరాయనకు తర్వాత కొంచెం కొంచెంగా తెలిసింది. అత్తగారు అరవలేదు. నోటుబుక్కు అడిగి తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, రోగి చార్టు చూసినట్టు మొదటి నుంచి చివరిదాకా చదివి, చేతిరాత బాగుందని చెప్పి తిరిగి ఇచ్చేసింది. అరిచినదంతా మాస్టారి భార్యే. మా అమ్మ కూర్చుంటే కారు ఆగుతుందని పుస్తకం రాస్తారా, గడులు కూడా గీస్తారా అని అడిగింది. గడులు గీయడం దగ్గరే ఆవిడకు ఎక్కువ కోపం వచ్చింది. మాస్టారు ఆ పూట తన అన్నం తనే వడ్డించుకున్నాడు.

శనివారం సరిగ్గా పది గంటలకు ముగ్గురూ వచ్చారు. హెడ్ నర్సు పొట్టిగా, నిటారుగా ఉంది. చేతి గడియారం ముఖం మణికట్టు లోపలి వైపుకు పెట్టుకుంది. దిగగానే షెడ్డంతా ఒకసారి చూసింది. ఆ చూపుకు మీటరాయన తనకు తెలియకుండానే నేల మీద ఉన్న నూనెగుడ్డ తీసి బల్ల కింద దాచాడు. నిన్నటి మాటకు ఆయన ఏదో సంజాయిషీ చెప్పుకోబోతే ఆవిడ వద్దంది.

"పరీక్ష చేయండి. నా వల్లే అయితే నేను బస్సులో తిరుగుతాను. నా వల్ల కాదని తేలితే ఆ సంగతి మా అల్లుడు అదే పుస్తకంలో, అదే చేతిరాతతో రాయాలి."

మీటరాయన ఏర్పాట్లు మొదలుపెట్టాడు. బానెట్టు కింద కంప్యూటరుకు తగిలే ప్లగ్గు వెనక సన్నటి సూదులు గుచ్చి, పొడుగాటి వైర్లు తీసి, కిటికీలోంచి లోపలికి తెచ్చాడు. వాటికి రెండు చిన్న బల్బులు కట్టి డాష్‌బోర్డు మీద టేపుతో అంటించాడు. ఎర్ర బల్బు కరెంటు వచ్చే దారికి, తెల్ల బల్బు ఎర్తు దారికి. రెండూ వెలుగుతున్నంతసేపు కంప్యూటరు కులాసాగా ఉన్నట్టు. ఇంజను ఆగిన క్షణంలో ఏ బల్బు ఆరితే ఆ దారిలో తెగినట్టు. హెడ్ నర్సు తల వంచి చూసి, ఒకటి నాడి, ఒకటి ఊపిరి అన్నమాట అంది. మీటరాయనకు ఆవిడ మీద అప్పుడే సగం గౌరవం ఏర్పడింది.

మాస్టారు స్టీరింగు దగ్గర, అత్తగారు పక్కన, వెనక మీటరాయన, మాస్టారి భార్య. బయలుదేరారు.

మాస్టారు ఆ రోజు నడిపినంత పద్ధతిగా ఎప్పుడూ నడిపి ఉండడు. సైకిళ్లు దాటిపోతున్నాయి. మలుపుకు ఇరవై గజాల ముందే సిగ్నలు వేస్తున్నాడు. అత్తగారు రెండు కాళ్లూ దగ్గరికి ముడుచుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఫొటోకు కూర్చున్నట్టు కదలకుండా కూర్చుంది. ఎవరూ నోరు విప్పలేదు. మార్కెట్టు వీధి దాటారు, వంతెన ఎక్కి దిగారు, కంటి ఆసుపత్రి దాకా వెళ్లి వచ్చారు. బల్బులు రెండూ చక్కగా వెలుగుతూనే ఉన్నాయి. ఇంజను ఒక్కసారి కూడా దగ్గలేదు.

"రాసుకోండి," అంది అత్తగారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

మాస్టారి భార్య కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది గాని, ఆవిడ భుజాలు ఎంత సంతోషంగా ఉన్నాయో పక్కన కూర్చున్న మీటరాయనకు తెలుస్తూనే ఉంది. మాస్టారి మెడ ఎర్రబడింది.

మీటరాయనకు మాత్రం ఇది పరీక్షలా అనిపించలేదు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు క్లాసులా ఉంది. కారును ఒక పక్కకు ఆపించి, మెల్లగా చెప్పాడు. మాస్టారు రోజూ నడిపినట్టే నడపాలి. అమ్మగారు రోజూ కూర్చున్నట్టే కూర్చోవాలి. రోజూ ఏం మాట్లాడుకుంటారో అదే మాట్లాడుకోవాలి. రోజూ ఏమీ మాట్లాడుకోం అన్నాడు మాస్టారు. నేను మాట్లాడతాను, ఆయన వినరు అంది అత్తగారు. అయితే అలాగే కానివ్వండి అన్నాడు మీటరాయన.

మళ్లీ బయలుదేరారు. రెండు వీధులు దాటేసరికి పాత అలవాట్లు పైకి వచ్చాయి. మాస్టారు మూడో గేరులోంచి నాలుగుకు మార్చాడు. అత్తగారు ఒళ్లోంచి చేతులు తీసి ఒకటి తలుపు పిడి మీద వేసింది. ముందు లారీ ఉంది బాబూ అంది. కనిపిస్తోంది అత్తయ్యా అన్నాడు. ఆ పిల్ల రోడ్డు దాటుతుందేమో చూడండి అంది. చూస్తున్నాను అన్నాడు. అంత దగ్గరికి పోవాలా అంది. దానికి ఆయన జవాబు చెప్పలేదు, ఇంకొంచెం దగ్గరికి పోయాడు. మీటరాయన ముందు సీట్ల మధ్య తల పెట్టి, ఒక కన్ను బల్బుల మీద, ఒక కన్ను ఆవిడ మీద వేసి ఉంచాడు.

లారీ మలుపు తిరిగిపోయింది. సరిగ్గా అప్పుడు పక్క సందులోంచి ఒక సామాన్ల వ్యాను వెనక్కి నడుస్తూ రోడ్డు మీదికి వచ్చింది. ఇంకా చాలా దూరం ఉంది. మాస్టారు కాలు ఇంకా బ్రేకు మీదికి పోలేదు. తెల్ల బల్బు ఆరిపోయింది. ఇంజను ఆగిపోయింది. కారు తనంతట తాను జారుకుంటూ వెళ్లి, వ్యానుకు పది అడుగుల దూరంలో మర్యాదగా నిలబడింది.

మాస్టారు పన్నెండు అన్నాడు. ఆ గొంతులో ఉన్న ఆనందం దాచుకోవడానికి ఆయనకు వ్యవధి చాలలేదు.

మీటరాయన ఎవరివైపూ చూడలేదు. ఆయన చూపు ముందు సీటు కింద, నేల మీద ఉంది.

"అమ్మా, కాలు కదపకండి. ఆ కుడికాలు ఎక్కడ పెట్టారో చూడండి ఒకసారి."

అందరూ చూశారు. అత్తగారి ఎడమకాలు నేల మీదే ఉంది. కుడికాలు మాత్రం చాపుకుని, డాష్‌బోర్డు కింద చివర, నేల పైకి వాలే చోట ఉన్న ప్లాస్టిక్కు మూతకు గట్టిగా తన్నిపట్టి ఉంది. పిక్క నరాలు బిగుసుకుని ఉన్నాయి. తెల్ల బల్బు ఇంకా ఆరిపోయే ఉంది.

ఇప్పుడు తీయండి అన్నాడు. ఆవిడ తీసింది. బల్బు వెలిగింది. మళ్లీ నొక్కండి అన్నాడు. నొక్కింది. ఆరింది. మాస్టారు తాళం తిప్పి ఇంజను స్టార్టు చేశాడు. అత్తగారు కాలు నొక్కింది. ఇంజను ఆగింది. ఇంకోసారి చేశారు. ఇంకోసారి ఆగింది. వెనక బస్సువాడు హారను మోగిస్తున్నాడు గాని ఆ కారులో ఎవరికీ వినబడలేదు.

ముందు నవ్వింది కూతురే. మొదట ముక్కులోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. ఆపుకోబోయింది. ఆగలేదు. ముందు సీటు మీద తల ఆనించి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

అత్తగారు మాత్రం తొణకలేదు. "బ్రేకు ఆయన వేయకపోతే ఎవరో ఒకరు వేయాలి కదా," అంది.

షెడ్డుకు తిరిగి వచ్చాక మీటరాయన ఆ మూత విప్పడానికి నేల మీద వెల్లకిలా పడుకుని తల లోపల పెట్టాడు. టార్చి పట్టుకునే పని మాస్టారికి పడింది. మూత వెనక బండి ఒంటికి బిగించిన ఒక బోల్టు ఉంది. కంప్యూటరు ఎర్తు వైరు ఇంజనుకూ సీట్లకూ మధ్య ఉన్న ఇనప గోడలోంచి లోపలికి వచ్చి ఆ బోల్టుకే తగిలి ఉంది. వైరు చివరి ఉంగరం మెడ దగ్గర విరిగింది. పైన రబ్బరు తొడుగు ఉండడంతో బయటికి ఏమీ తెలియదు. లోపల నాలుగు పోగులు మాత్రం ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఎవరూ ముట్టుకోనంతసేపు కరెంటు దారి బాగానే ఉన్నట్టు. మూత మీద కాలు పడితే మూత వైరును నొక్కుతుంది, పోగులు విడిపోతాయి. తను రెండు రోజులు కొలిచినా మీటరు ఎందుకు బాగుందనే చెప్పిందో మీటరాయనకు అప్పుడు అర్థమైంది. అది అబద్ధం చెప్పలేదు. కాలు వేయనప్పుడు నిజంగానే బాగుంది.

అయితే ఇంకొకటి కూడా కనబడింది. ఆ మూతకు కంపెనీవాళ్లు ఇచ్చిన క్లిప్పులు మూడు ఉండాలి. ఒకటే ఉంది. మిగతా రెండు చోట్ల చెక్క సామానుకు వేసే మరలు బిగించి ఉన్నాయి. వైరు ఉండాల్సిన గాడిలో కాకుండా మూత అంచు కింద ఇరుక్కుని ఉంది. ఎవరో మూత తీసి, మళ్లీ వేయడం చేతకాక వేసినట్టు ఉంది.

దీన్ని ఇంతకుముందు ఎవరు విప్పారు అని నేల మీంచే అడిగాడు మీటరాయన.

టార్చి వెలుగు మూత మీంచి పక్కకు జరిగింది.

"వేసవి సెలవుల్లో..." అన్నాడు మాస్టారు. ఆగాడు. మనసులో కూడుకున్నాడు, తీసివేసుకున్నాడు. ఏ దారీ దొరకలేదు. "ఫోను చార్జరుకు ఒక వైరు లాగాలని... నేనే."

మాస్టారి భార్య నవ్వు ఆపేసింది. నోరు తెరిచింది గాని, తల్లి చెయ్యెత్తి వారించింది.

"పన్నెండు అన్నారు కదా బాబూ. పదమూడో వరుసలో ఇది కూడా రాయండి," అంది అత్తగారు. ఆ మాట మెత్తగానే అంది. వార్డులో మందు ఇవ్వడం మరిచిపోయిన కొత్త నర్సులతో కూడా ఆవిడ అంతే మెత్తగా మాట్లాడేదని కూతురు తర్వాత చెప్పింది. వాళ్లు ఇంక జన్మలో మరిచిపోయేవారు కారట.

మీటరాయన విరిగిన ఉంగరం కత్తిరించి పడేశాడు. వైరు చివర కొత్త రాగి దాకా చెక్కి, కొత్త ఉంగరం వేసి నొక్కాడు, దాని మీద టంకం వేశాడు. బోల్టు కింద పెయింటు గీకి తళతళలాడేలా చేశాడు. ఆ పని అయ్యేదాకా హెడ్ నర్సు ఒక స్టూలు తెచ్చుకుని పక్కనే కూర్చుని, ఆయన చేతుల వైపే చూస్తూ ఉంది. చూస్తూ చూస్తూ, ఎవరూ అడక్కుండానే చెప్పింది. తన సర్వీసులో పద్దెనిమిదేళ్లు ప్రమాదాల వార్డులోనే గడిచాయట. రోజుకు ఇద్దరో ముగ్గురో. అంతకుముందు గంట దాకా ఇంట్లో టీ తాగి, తలుపు వేసుకుని, బండి ఎక్కి బయలుదేరినవాళ్లు. వాళ్ల చెప్పులు, కళ్లద్దాలు, తాళాలు ఒక సంచిలో వేసి పేరు రాసి పెట్టడం తన పని. కారు ఎక్కితే చాలు, కాలు దానంతట అదే పోతుందట. తను నొక్కుతున్నట్టు తనకు తెలియనే తెలియదట.

మాస్టారు టార్చి ఆర్పడం మరిచిపోయి నిలబడ్డాడు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా ఆవిడ ఆ వార్డు గురించి ఒక్క మాట చెప్పగా ఆయన వినలేదు. తన డ్రైవింగు ఆవిడకు నచ్చదని మాత్రమే అనుకుంటూ వచ్చాడు. అదే పైకి అన్నాడు.

"నచ్చదు కూడా," అంది ఆవిడ. "అది వేరే విషయం."

మూత మళ్లీ వేశాక, వైరు గాడిలో సరిగా కూర్చున్నాక, మూడు కొత్త క్లిప్పులు పడ్డాక, మీటరాయన ఇంజను స్టార్టు చేసి ఆవిడను కూర్చోమన్నాడు. ఆవిడ కాలు పెట్టి నొక్కింది. ఇంజను నడుస్తూనే ఉంది. ఇంకా గట్టిగా నొక్కమన్నాడు. సీటుకు వీపు ఆనించి, తలుపు పిడి పట్టుకుని, రెండు కాళ్లతో తన్నింది. తెల్ల బల్బు కన్ను కూడా ఆర్పలేదు. మీటరాయన మొహం వికసించింది. అత్తగారి మొహంలో మాత్రం చిన్న వెలితి కనబడింది. ఇన్నాళ్లూ ఆ కారులో తన మాట వినేది ఒకటైనా ఉండేది అంది. మాస్టారు తల వంచుకుని, ఇకమీదట నేను వింటాను అన్నాడు.

విన్నాడు కూడా, చాలావరకు. ముందు ఏదైనా అడ్డం కనబడితే ఆవిడ అనకముందే, బస్సు ఉంది అత్తయ్యా, ఆపుతున్నాను అని పైకి చెప్పడం అలవాటు చేసుకున్నాడు. ఆవిడ కొన్నాళ్లు వెనక సీట్లో కూర్చుని చూసింది గాని, అక్కడి నుంచి రోడ్డు సగమే కనబడుతోందని, కనబడని సగమే ఎక్కువ భయపెడుతోందని మళ్లీ ముందుకే వచ్చింది. కాలు ఇప్పటికీ నొక్కుతుంది. కారు ఆగదు.

మీటరాయన పని చీటీలో ఇప్పుడు కొత్తగా ఒక ప్రశ్న చేరింది. కారు ఆగినప్పుడు లోపల ఎవరెవరు ఉన్నారు, ఎక్కడెక్కడ కూర్చున్నారు అని అడుగుతాడు. కొందరు సూటిగా చెబుతారు. ఒక పెద్దమనిషి మాత్రం, అది మీకు అనవసరం అని చెప్పి, కారు తిప్పుకుని వెళ్లిపోయాడు.

హెడ్ నర్సు ఈ కథను పాత స్నేహితురాళ్లకు చెబుతూ ఉంటుంది. ఆవిడ చెప్పే తీరులో బల్బులు ఉండవు, స్కానరు ఉండదు, రెండు రోజుల కొలతలు ఉండవు. ఇద్దరు మెకానిక్కులకు, ఒక లెక్కల మాస్టారికి అంతుపట్టని రోగాన్ని తను కాలు పెట్టి కనిపెట్టానని, ఆ ఎలక్ట్రీషియన్ వచ్చి కుట్లు వేశాడని, కుట్లు మాత్రం శుభ్రంగా వేశాడని చెబుతుంది. ఆ మాట ఎవరి ద్వారానో మీటరాయన చెవిన పడింది. ఆయన కాసేపు ఆలోచించి, అందులో తప్పేమీ లేదన్నాడు.